జిరాఫీ ముందు నవ్విన అమ్మాయి

స్టూడియో పైగది,
మార్చి మొదటి వారం

అన్నయ్యా,

ఫోన్ చేస్తే “ఆ”, “ఊ” తప్ప నీ నోట ఇంకో మాట పెగలదు కనక మళ్ళీ కాగితం, కలం అందుకున్నాను.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. స్టూడియో మూసేశాను. కంగారు పడకు, ఏడవలేదు. పాస్‌పోర్టు ఫొటోకి కూడా జనం గుమ్మం తొక్కడం మానేశాక ఎవరి కోసమని రోజూ షట్టరెత్తి, కుర్చీలు తుడిచి, వీధిలోకి చూస్తూ కూర్చోవాలి? నాన్న కొన్న గొడుగు దీపాలూ, మేఘాలూ మెట్లూ గీసిన ఆ వెనక తెరా అలాగే ఉంచాను. వీధి వైపు అద్దాల అలమర మాత్రం ఖాళీ చేశాను. ఎప్పటివో పెళ్ళికూతుళ్ళ ఫొటోలు ఎండకి వెలిసిపోయి, అందరూ ఒక తల్లి పిల్లల్లా తయారయ్యారు.

ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక ఒకరోజు కెమెరా మెడలో వేసుకుని జూకి వెళ్ళాను. గుర్తుందా, సెలవు రోజుల్లో నాన్న గేటు పక్కన దుకాణం పెట్టేవాడు. నువ్వు ముక్కాలి స్టాండు మోసేవాడివి. నేను కుటుంబాలని పొడుగూ పొట్టీ చూసి వరసలో నిలబెట్టేదాన్ని. అంతసేపు అక్కడే ఉండి కూడా ఏనాడూ మనం లోపలికి వెళ్ళి ఒక్క జంతువునైనా తీరిగ్గా చూసిన పాపాన పోలేదు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుందామనిపించింది.

జంతువుల ఫొటోలే తీద్దామనుకున్నాను. కానీ జిరాఫీ దగ్గరికి వెళ్ళేసరికి నా చెయ్యి దానంతటదే జనం వైపు తిరిగింది. బతుకంతా “గడ్డం కాస్త పైకి, ఇంకాస్త, ఆఁ, కదలకండి” అని గొంతు చించుకున్నదాన్నా? అక్కడ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదురా నాయనా! అందరి తలలూ వాటంతటవే పైకి లేస్తాయి. అందరి కళ్ళూ ఆ పొడుగు మెడ మీదే. పక్కన కెమెరాతో ఒక ముసలమ్మ నిలబడి ఉందన్న సంగతి ఎవరికీ పట్టదు. డ్యూటీ బట్టల్లోనే వచ్చిన ఒక నర్సు, భార్య మీద అలిగి కూడా జిరాఫీని చూడకుండా ఉండలేకపోయిన ఒక పెద్దమనిషి, నోరు తెరిచి మూయడం మరిచిపోయిన ఒక పోలీసు. అద్దంలో కూడా ఎవరూ తమ మొహాలని అలా చూసుకుని ఉండరు.

ఇక అసలు ముచ్చట. ఒక లావుపాటాయన, మంచి హోదాలో ఉన్న మనిషి, పక్కవాళ్ళకి జిరాఫీ గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు. జిరాఫీ మెల్లగా మెడ వంచి, నాలిక చాచి, ఆయన గడ్డిటోపీ పీకేసి నమలడం మొదలుపెట్టింది. ఆయన బట్టతల రెండు చేతులా పట్టుకుని “అరెరె” అంటున్నాడు. అందరూ ఆయన్నే చూశారు. నేను పక్కనున్న అమ్మాయిని చూశాను. బూడిదరంగు బట్టల్లో ఒంటరిగా నిలబడి ఉంది. ఆ పిల్ల నోరారా నవ్వింది అన్నయ్యా! కడుపులోంచి తన్నుకొచ్చిన నవ్వు. నేను మీట నొక్కానో లేదో, చేత్తో నోరు మూసుకుని గబగబా వెళ్ళిపోయింది.

ప్రింట్లు నేనే వేశాను. డార్క్‌రూములో ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది. కొన్ని నీకూ వదినకీ పంపుతున్నాను. చూసి తిట్టు.

నీ చెల్లెలు

✻

రెండో అంతస్తు, వెనక వాటా,
మార్చి చివర

చిట్టెలుకకి, అన్నయ్య దీవెనలు.

డార్క్‌రూములో నా కాళ్ళ మధ్య తిరిగి నా చేత ట్రేలు ఒలకబోయించిన రోజుల్లో పెట్టిన పేరు, ఇప్పుడు నీ తల నెరిసినా మారదు.

స్టూడియో మూసినందుకు నేనూ ఏడవలేదు. కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను, అంతే. రసాయనాల వాసన ముక్కుకి తగిలినట్టయింది. నాన్న చేతులకి ఆ వాసన ఎప్పటికీ వదిలేది కాదు కదా, అన్నం పెట్టినా అదే వాసన.

ఫొటోల సంగతి. ప్రెస్సులో చేరకముందు నా పనేమిటి? నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్ పెట్టి జనం మొహాల మీద ముడతలూ మచ్చలూ చెరపడం. ఒక్కోసారి చెరిపీ చెరిపీ, కస్టమరు వచ్చి “ఇదెవరిదండీ?” అని అడిగేంత పని చేసేవాణ్ణి. ఇవాళ నీ ఫొటోలన్నీ బల్ల మీద పరుచుకుని చూశాను. ఒక్క మొహం మీద కూడా పెన్సిల్ పెట్టాలనిపించలేదు. అలిగిన పెద్దమనిషి మూతి అదిరింది. ఆ మూతి విరుపు నాన్నదే అనుకో.

మీ వదిన కులాసా. ఫొటోలన్నీ ఒళ్ళో పోసుకుని మధ్యాహ్నమంతా చూస్తూనే ఉంది. “ఈ నవ్వే అమ్మాయి ఎవరు?” అని అడిగింది. నాకేం తెలుసన్నాను. ఆ జవాబు ఆమెకి తెగ నచ్చింది.

వీలైతే ఇంకా తీసి పంపు. కాస్త పెద్ద సైజువైతే మరీ మంచిది.

అన్నయ్య

✻

స్టూడియో పైగది,
ఏప్రిల్ మధ్య

అన్నయ్యా,

నీ మెప్పు చూసి నాకు కొమ్ములొచ్చాయి. ఏం చేశానో విను. జిరాఫీ ముందు మొహాలన్నీ పెద్దవి చేసి అద్దాల అలమరలో పెట్టాను. పైవరసలో నర్సు, పోలీసు. నట్టనడుమ మన నవ్వులమ్మాయి. పేర్లు లేవు, ధరలు లేవు. అద్దం శుభ్రంగా తుడిచి, దీపం వేసి వదిలేశాను.

జనం ఆగుతున్నారు! ఆఫీసులకి పరిగెత్తేవాళ్ళు కూడా ఒక నిమిషం నిలబడి, తమకి తెలియకుండానే తామూ ఆ ఫొటోల్లోలాంటి మొహాలే పెట్టుకుని, మళ్ళీ పరిగెడుతున్నారు. రొట్టెల దుకాణం ఆయన వచ్చి, “మేడమ్, ఆ నడుమనున్న అమ్మాయిని చూస్తే పొద్దున్నే బేరం బాగుంటోంది,” అన్నాడు. నాన్న ఉంటే “ముందు ఫోకస్ చూడు, తరవాత పొంగిపోదువుగానీ” అనేవాడు. ఫోకస్ బాగానే ఉంది, నేను మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను.

ఒక్కటే వెలితి. నీ ఉత్తరం అడుగున అడ్డంగా రెండు ముక్కలు గిలికేది కదా వదిన, “మీ అన్నయ్య రాసినవన్నీ నమ్మకు” అనో, “ఈయన ఈ ముక్క రాయడానికి పూట పట్టింది” అనో. ఈసారి అవి లేవు. పోయినసారీ లేవు. నా మీద అలిగిందా? ఏం చేశానో చెబితే చెవులు పట్టుకుంటాను. ఎండలు తగ్గాక ఇద్దరూ ఇక్కడికి రండి. వదినకి జిరాఫీని చూపిస్తాను.

ఇంకో కట్ట ఫొటోలు పంపుతున్నాను.

నీ చెల్లెలు

✻

రెండో అంతస్తు, వెనక వాటా,
మే మొదట్లో

చిట్టెలుకా,

ఫొటోలు అందాయి. మీ వదినకి నీ మీద అలకేమిటి, పిచ్చిదానా. కుడిచేతి మణికట్టు నొప్పి, పెన్ను పట్టలేకపోతోంది. ప్రయాణం ఇప్పట్లో కుదరదు. ఇక్కడ మేడమెట్ల మరమ్మతు జరుగుతోంది, పైగా నా కాళ్ళూ అంతంత మాత్రం.

నవ్వులమ్మాయి మా ఇంట్లో స్థిరపడిపోయింది. పొద్దున్నే ముందు ఆ అమ్మాయి దర్శనం, తరవాతే మీ వదిన మొహం కడుక్కోవడం.

ఇంకా పంపుతూ ఉండు. ఆపకు.

అన్నయ్య

✻

స్టూడియో పైగది,
మే చివర

అన్నయ్యా,

ఈ ఉత్తరం రాయడానికి కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

నిన్న పొద్దున అద్దాలు తుడుస్తుంటే వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. అద్దంలో రెండు మొహాలు కనిపించాయి. లోపల నవ్వుతున్న అమ్మాయి, బయట నవ్వని అదే అమ్మాయి.

“ఇది మీరే తీశారాండీ?”

“నేనేనమ్మా. నువ్వేగా! రా, లోపలికి రా,” అన్నాను సంబరంగా. నా సంబరం పాడుగాను.

ఆమె లోపలికి వచ్చి నిలబడే మాట్లాడింది. “మా ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదండి. ఆరోజు షాపు నించి ఇంటికెళ్ళబుద్ధి కాక జూలోకెళ్ళాను. అంతే. అక్కడేదో జరిగింది, నవ్వొచ్చేసింది. నేను నవ్వానన్న సంగతి కూడా నాకు గుర్తు లేదు. మా అత్తగారు బజారుకెళ్తూ ఇక్కడ ఆగారంట.”

“కేకలేసిందా?”

“కేకలేస్తే బాగుండేదండి. నెమ్మదిగా అన్నారు. ‘నా కొడుకు పోయాడు, నీకు జిరాఫీ దొరికింది’ అన్నారు. అప్పటినించీ నాతో మాట్లాడటం లేదు. ఉండేది మేమిద్దరమే. ఆవిడకి నేనూ, నాకు ఆవిడా తప్ప ఎవరూ లేరు.”

“అయ్యో, నాకు తెలియదమ్మా,” అన్నాను. ఎంత చవకబారు మాటో చూడు.

“మీకెలా తెలుస్తుంది? మీరు అడగలేదు కదండీ,” అంది. కోపంగా కాదు. “అడిగుంటే నేను నవ్వేదాన్ని కాదు. అదీ నిజమే. కానీ అడగలేదు.”

అప్పటికప్పుడు అలమరలోంచి ఆ ఫొటో తీసి చేతికిచ్చాను. డార్క్‌రూములోకి తీసుకెళ్ళి నెగెటివ్ కత్తెరతో ఆమె కళ్ళముందే ముక్కలు చేశాను. మిగతా ఫొటోలన్నీ కూడా దింపేశాను. ఆమె గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. “ఇంకెక్కడైనా ఉందాండీ?”

“ఒక్కటుంది. మా అన్నయ్య దగ్గర. తెప్పించి నీ చేతిలో పెడతాను. మాట,” అన్నాను.

వీధి చివర కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుందట. ఇన్నాళ్ళూ లోపలి గదిలో పని, ఈ మధ్యే ముందుకి మార్చారట, అందుకే నా కంట పడలేదు. నా జోడు తీసుకుని, వంకర సరిచేసి, తుడిచి ఇచ్చి మరీ వెళ్ళింది. అలవాటు కాబోలు.

కెమెరా బట్టలో చుట్టి బీరువాలో పెట్టేశాను. నాన్న స్టూడియోకి వచ్చేవాళ్ళు తల దువ్వుకుని, “ఇక తీయండి” అన్నాకే కదా ఆయన మీట నొక్కేవాడు! నేనేమో పక్కనుంచి జేబులు కొట్టినట్టు మొహాలు కొట్టాను. ఇక తీయను.

ఆ ప్రింటు వెంటనే పోస్టు చెయ్యి. నలగకుండా మధ్యలో అట్ట పెట్టు.

చెల్లెలు

✻

రెండో అంతస్తు,
జూన్

చెల్లాయీ,

ఉత్తరం అందింది. ఆ అమ్మాయి సంగతి చదివి కష్టమేసింది. నువ్వు చేసింది సబబే.

ఫొటో ఎక్కడో పెట్టాను, కనిపించడం లేదు. వెతుకుతున్నాను. దొరగ్గానే పంపుతాను. నువ్వు మాత్రం కెమెరా మూలన పడెయ్యకు. ఎవరో ఒక్కరు నొచ్చుకున్నారని అంత పెద్ద మాట దేనికి?

అన్నయ్య

✻

స్టూడియో పైగది,
జూన్ చివర

అన్నయ్యా,

ఎవరితో చెబుతున్నావు ఈ కబుర్లు? ప్రెస్సులో ఉన్నన్నాళ్ళూ నువ్వు ఒక్క ఫొటో కాగితమైనా పోగొట్టినవాడివా? చిన్నప్పుడు నా పాలపన్ను కూడా చీటీ అంటించి పెట్టెలో దాచినవాడివి. రోజూ పొద్దున్నే దర్శనం అని రాసిందీ నువ్వే, ఇప్పుడు కనిపించడం లేదంటున్నదీ నువ్వే.

పైగా “ఎవరో ఒక్కరు”! ఆ ఒక్కరికే కదా నేను మాటిచ్చింది. రోజూ ఆ షాపు ముందు నించి వెళ్ళాలి నేను. ఆ అమ్మాయి ఏమీ అడగదు, కళ్ళజోళ్ళ మధ్యలోంచి ఒకసారి చూసి తల దించుకుంటుంది. అవతలి వీధి చుట్టూ తిరిగి వెళ్తున్నాను, తెలుసా?

ఫొటో నచ్చి ఇవ్వబుద్ధి కాకపోతే ఆ ముక్కే రాయి. వదినకి ఈ ఉత్తరం చదివి వినిపించు. ఆవిడైతే నీ చెవి మెలేసి మరీ పంపిస్తుంది. లేదంటే వచ్చే వారం నేనే బస్సెక్కి వచ్చి మీ ఇల్లంతా గాలించి తెచ్చుకుంటాను.

చెల్లెలు

✻

రెండో అంతస్తు, వెనక వాటా,
జూలై మొదటి వారం

చిట్టెలుకా,

నువ్వన్నది నిజం. ఫొటో పోలేదు. నేనీ ముక్క రాస్తుండగా నాకు ఎదురుగా, మీ వదిన చేతిలోనే ఉంది.

మీ వదిన నన్ను గుర్తుపట్టడం లేదు.

ఒక్కసారిగా జరగలేదు. మొదట పొయ్యి మీద పాలు మరిచిపోయేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. తరవాత మాటలు పోయాయి, గరిటని “అది, తిప్పేది” అనేది. ఒకరోజు బజారుకెళ్ళి ఎంతకీ రాలేదు. వెతుక్కుంటూ వెళితే పక్క వీధిలో ఎవరిదో గుమ్మం ముందు నిలబడి తాళంచెవి తిప్పుతోంది, తలుపు తెరుచుకోవడం లేదని ఏడుస్తూ. డాక్టరు చెప్పాల్సింది చెప్పాడు. అప్పటికి ఆమెకి ఇంకా అన్నీ తెలుస్తున్నాయి. ఇంటికొస్తూ దారిలో నా చేత మాట తీసుకుంది. “మీ చెల్లెలికి చెప్పకండి. దాని దగ్గరన్నా నన్ను నన్నుగా ఉండనివ్వండి,” అంది. అందుకే ఈ అబద్ధాలన్నీ. మణికట్టు నొప్పీ లేదు, మెట్ల మరమ్మతూ లేదు. నీకు రాసే ఉత్తరం అడుగున రాయమని పెన్నిస్తే, అటూ ఇటూ తిప్పి చూసి, అది దేనికో తెలియక మర్యాదగా నాకే తిరిగి ఇచ్చింది.

ఇప్పుడు నన్ను “మాస్టారూ” అంటుంది. నేనెవరో ఇంట్లో అద్దెకున్న మంచిమనిషిని అనుకుంటుంది. “మీకు శ్రమ ఇస్తున్నాను మాస్టారూ,” అంటుంది తల దువ్వించుకుంటూ.

పాత ఫొటోలు చూపించమన్నాడు డాక్టరు. మన ఇంట్లో వాటికేం తక్కువ? ఆల్బం తెరిచి రోజూ కూర్చునేవాణ్ణి. “ఇదెవరు? పోనీ ఇదెవరు? కాస్త ఆలోచించు.” ఎదురింటి టైలరు భార్య వచ్చినా అదే పరీక్ష. జవాబు చెప్పలేక ఆమె మొహం ఎలా అయిపోయేదో తెలుసా? మన పెళ్ళిళ్ళు, నాన్న, నువ్వు, నేను, అందరం కలిసి ఆమెని బెంచీ ఎక్కించినట్టుండేది. చివరికి ఆల్బం అట్ట కనిపిస్తేనే అటు తిరిగి పడుకునేది.

అలాంటి సమయంలో నీ ఫొటోలు వచ్చాయి. “ఎవరు వీళ్ళు?” అంది భయంభయంగా. “నాకూ తెలియదు,” అన్నాను. నిజంగానే తెలియదు కదా! ఆమె నా మొహంలోకి చూసి, “మీకూ తెలియదా?” అని పకపకా నవ్వింది. ఎన్నాళ్ళకి విన్నానే ఆ నవ్వు!

అప్పటినించీ రోజూ పక్కకి జరిగి నాకు చోటిస్తుంది. ఇద్దరం కూర్చుని వాళ్ళెవరో కల్పిస్తాం. నర్సు చెప్పులో రాయి దూరిందట. పోలీసుకి ఇంటికెళ్ళాలని లేదట. ఆమె ఏం చెప్పినా తప్పు కాదు. నేనేం చెప్పినా ఒప్పు కాదు. ఆ కాసేపు మేమిద్దరం సమానం. అందుకే “ఇంకా పంపు, ఆపకు” అని నీ ప్రాణం తీశాను.

ఆ నవ్వే అమ్మాయిని మాత్రం చేతిలోంచి వదలదు. ఆ బొమ్మ నవ్వుతుంటే ఈమె తిరిగి నవ్వుతుంది. నీ మాట నిలబెడదామని ఒకసారి నెమ్మదిగా తీసుకోబోయాను. గుండెకి అదుముకుని, “నా బిడ్డని ఎక్కడికి తీసుకుపోతున్నారు?” అంది. మాకు పిల్లల్లేరన్న సంగతి మరిచిపోయింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

నువ్వు మాటిచ్చావు. ఆ అమ్మాయి అడిగిందీ న్యాయమే. కానీ నాకు చేతులు రావడం లేదు. ఏం చేయమంటావో నువ్వే చెప్పు.

అన్నయ్య

✻

స్టూడియో పైగది,
జూలై మధ్య

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి నిన్ను తిట్టాను, ఏడ్చాను, మళ్ళీ తిట్టాను. ఇంత భారం ఒక్కడివే మోస్తూ నాకు మణికట్టు నొప్పి కథలు రాశావా? ఇక చాలు. నేను వస్తున్నాను. నెలలో సగం అక్కడ, సగం ఇక్కడ. వద్దన్నావంటే మొత్తం అక్కడే ఉంటాను.

ముందు మన నవ్వులమ్మాయి సంగతి. ఆమెకి అబద్ధం చెప్పకూడదనిపించింది. ఫొటో పోస్టులో పోయిందని చెప్పేస్తే తీరిపోయేది, కానీ నోరు రాలేదు. మధ్యాహ్నం షాపులో ఎవరూ లేని సమయం చూసి వెళ్ళి, వదిన గురించి మొత్తం చెప్పాను. ఆమె ఒక జోడు తుడుస్తూ విన్నది. తుడిచిందే తుడిచింది.

“ఆవిడ నా ఫొటో చూసి ఏమంటారండీ?”

“ఏమీ అనదమ్మా. తిరిగి నవ్వుతుంది.”

ఇంకో ముచ్చట కూడా చెప్పాను. నీకూ ఎప్పుడూ చెప్పలేదు. మా ఆయన పోయిన ఏడు నేను నోరు విప్పకుండా కూర్చుంటే, వదిన వచ్చి నాతో ఉంది కదా! ఒక మధ్యాహ్నం స్టూడియో దులుపుతూ, పిల్లల ఫొటోల కోసం నాన్న చేయించిన చెక్కగుర్రం ఎక్కింది. “నన్నూ ఒకటి తియ్యవే,” అంటూ. అది ఫెళ్ళున విరిగింది. వదిన కింద, గుర్రం తల ఆవిడ చేతిలో. నేను నవ్వడం మొదలుపెట్టాను. నవ్వీ నవ్వీ, ఉన్నట్టుండి భయమేసి రెండు చేతులా నోరు నొక్కుకున్నాను. వదిన లేవకుండానే అంది, “చెయ్యి తియ్యి. మీ ఆయన కోప్పడేది నిన్ను కాదులే, గుర్రం విరగ్గొట్టినందుకు నన్ను.” ఆరోజు నవ్వుతూనే మొదటిసారి సరిగ్గా ఏడ్చాను.

ఇది విని ఆ అమ్మాయి జోడు పెట్టెలో పెట్టి మూత వేసింది. “ఆదివారం నాకు సెలవండి. నన్ను మీతో తీసుకెళ్ళండి. ఫొటో నేనే తీసుకుంటాను.”

“ఆవిడ చేతిలోంచి లాక్కోవడం నా వల్ల కాదమ్మా,” అన్నాను.

“లాక్కోనండి. అడుగుతాను. నన్నెవరూ అడగలేదు కదా, నేను మాత్రం అడిగే తీసుకుంటాను.”

సరేనన్నాను. ఆదివారం పొద్దున బస్సుకి ఇద్దరం వస్తున్నాం. వదిన ఇవ్వకపోతే ఏం చేయాలో నాకూ తెలియదు.

చెల్లెలు

✻

రెండో అంతస్తు, వెనక వాటా,
జూలై చివర

చిట్టెలుకా,

నువ్వు మందుల షాపు నుంచి తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. బస్సులో ఆ అమ్మాయి నోరు విప్పలేదని రాశావు. అందుకని నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మీ వదిన కిటికీ పక్క కుర్చీలో ఉంది, ఒళ్ళో ఫొటోలు. ఆ అమ్మాయి స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. మీ వదిన పోలిక పట్టలేదు. ఎలా పడుతుంది? ఫొటోలో మొహం వేరు, ఎదురుగా మొహం వేరు.

“ఎవరి తాలూకమ్మా?” అంది.

“ఎవరి తాలూకూ కాదండీ. ఊరికే వచ్చాను.”

“అయితే కూర్చో. ఈ రోజుల్లో ఊరికే ఎవరొస్తున్నారు?”

ఆ అమ్మాయి గొంతు సవరించుకుంది. ఇప్పుడు అడుగుతుందని నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఈలోగా మీ వదినే ఆ ఫొటో తీసి చూపించింది. “దీన్ని చూడు. ఎంత బాగా నవ్వుతోందో.”

ఆమె చాలాసేపు చూసింది. “ఎవరండీ ఈ అమ్మాయి?” అంది చివరికి.

“తెలియదు. మాస్టారికీ తెలియదు. పాపం, చాలా కష్టంలో ఉంది.”

“మీకెలా తెలుసు?”

“ఈ కళ్ళ కింద చూడు. ఎన్నాళ్ళుగా నిద్ర లేదో.” మీ వదిన వేలితో ఆ నల్లటి చారలు తడిమింది. నేను ఆ ఫొటో ఎన్నిసార్లు చూశాను! ముడతలూ చారలూ చూడటమే బతుకుతెరువైనవాణ్ణి, నాకు నవ్వు తప్ప ఏమీ కనబడలేదు. “అయినా నవ్వొచ్చింది. వస్తే ఏం చేస్తుంది, చెప్పు? నవ్వింది.”

ఆ అమ్మాయి తల వంచుకుని ఏడ్చింది. చప్పుడు లేదు, భుజాలు కదులుతున్నాయంతే. మీ వదిన గాభరా పడి, ఏం చేయాలో తోచక, ఫొటో ఆమె చేతిలో పెట్టింది. “ఏడవకు, ఏడవకు. నీకు కావాలా? తీసుకో.”

“వద్దండీ. మీరే ఉంచుకోండి,” అంది ఆ అమ్మాయి. నిజంగానే అంది, మొహమాటానికి కాదు. తిరిగి ఇవ్వబోయింది కూడా.

“నువ్వే తీసుకో. నా దగ్గరుంటే ఎక్కడో పెట్టి మరిచిపోతాను. ఈ మధ్య కొంచెం మతిమరుపు,” అంది మీ వదిన.

అదీ జరిగింది. అడిగి తీసుకుంటానని వచ్చిన పిల్ల అడగనూ లేదు. నేనివ్వలేక దాచింది ఆవిడే ఇచ్చేసింది.

ఆవేళ సాయంత్రం మీ వదిన ఆ ఫొటో కోసం వెతుకుతుందేమోనని భయపడుతూ కూర్చున్నాను. వెతకలేదు. పాలు తాగి గ్లాసు నా చేతికిస్తూ, “మాస్టారూ, ఆ అమ్మాయి మళ్ళీ వస్తుందా?” అంది. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండని మనిషి! వస్తుందన్నాను. మళ్ళీ నా మాట నీ నెత్తిన పెట్టానని తిట్టకు.

అన్నయ్య

✻

స్టూడియో పైగది,
ఆగస్టు

అన్నయ్యా,

వస్తుంది. నీ నెత్తిన పాలు పోశాను, పో. ఈ నెల సగంలో నేను అక్కడికి వచ్చేటప్పుడు నాతో బయల్దేరుతోంది. సెలవు కూడా అడిగిందట.

ఇక్కడ జరిగింది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ ఫొటో చింపేస్తుందనుకున్నాను. చింపలేదు. ఇంటికి తీసుకెళ్ళి, ముందుగదిలో వాళ్ళాయన ఫొటో పక్కనే గోడకి ఆనించి పెట్టింది. అత్తగారు ఎదురుగా కూర్చుని కూరగాయలు తరుగుతోందట. చూసింది. కత్తిపీట కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడూ అంతే. ఆ అమ్మాయి కూడా మొండికేసింది, తీయలేదు. ఇద్దరూ ఆ ఫొటో ముందు నించే వస్తూ పోతూ, అన్నాలు తింటూ, ఎవరి గదుల్లోకి వాళ్ళు వెళ్ళిపోతూ ఉన్నారు.

మొన్న షాపు నుంచి ఇంటికెళ్ళేసరికి ఆవిడ ఫొటో చేతిలో పట్టుకుని కూర్చుని ఉందట. ఇక ఇల్లు పేలిపోతుందనుకుంది ఈ పిల్ల. ఆవిడ తల ఎత్తకుండానే అందట, “ఈ నవ్వు నాకు తెలుసే. మీ గదిలోంచి వినిపించేది. వాడేదో అనేవాడు, నువ్విలా నవ్వేదానివి. గోడ ఇవతల పడుకుని వినేదాన్ని. వాడితోపాటే పోయిందనుకున్నాను.”

ఆ తరవాత ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

నిన్న అత్తాకోడళ్ళిద్దరూ స్టూడియోకి వచ్చారు. ఆవిడ నాకంటే కాస్త పెద్దదే ఉంటుంది. సన్నగా, నిటారుగా, మాట తూచి వదిలే రకం. ఖాళీ అద్దాల అలమరని ఎగాదిగా చూసి, “మా ఇంటి గొడవకి మీ కొట్టు బోసిపోయింది,” అంది. క్షమాపణ అనుకోవాలో, దెప్పు అనుకోవాలో తేల్చుకోలేక నీళ్ళిచ్చాను. కాసేపటికి, “ఆ జిరాఫీ ఇంకా ఉందా?” అంది.

“ఉందండీ. టోపీ అరిగించుకుని కులాసాగా ఉంది.”

కోడలు పక్కకి తిరిగి పెదవి కొరుక్కుంది.

రేపు ముగ్గురం జూకి వెళ్తున్నాం. బీరువాలోంచి కెమెరా తీసి, బట్ట విప్పి, బల్ల మీద పెట్టి, ఆవిడనే అడిగాను, “తీసుకురానాండీ, వద్దా?” అని. పెద్దదాన్నయ్యాక అడగడం నేర్చుకున్నాను, నవ్వకు.

ఆవిడ కెమెరా వైపు చూసింది, కోడలి వైపు చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

“తీసుకురండి,” అంది. “నేను మాత్రం నవ్వను.”

నీ చెల్లెలు